"మాకు సెట్ అవ్వట్లేదు మేడం": ఒక జంట పడగ్గది అంచనాల్ని కొలిచిన కేసు

నేను జంటలకి కౌన్సెలింగ్ చేస్తాను, ముందే ఒక మాట చెప్పేస్తాను. ఎవరూ గుర్తుపట్టకుండా ఉండాలని ఊళ్లు, ఉద్యోగాలు, వయసులు అన్నీ మార్చాను, ఒకే దారిలో నడిచిన రెండు మూడు కేసుల్ని కలిపి ఒక జంటగా రాస్తున్నాను. అంకెలు కూడా పద్ధతి అర్థం కావడానికి ఇస్తున్నవే, వీటిని పట్టుకుని తెలుగు జంటలు ఇలా ఉంటారు అని ఎవరూ లెక్కలు తీయొద్దు.

ఆయనకి 34, ఆవిడకి 31, పెళ్లై ఆరేళ్లు, మూడేళ్ల పాప. సొంతూరు గుంటూరు వైపు, ఉండేది హైదరాబాద్ నిజాంపేటలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, అత్తగారు కూడా వాళ్లతోనే ఉంటారు. ఆయనది అమెరికా క్లయింట్ ప్రాజెక్ట్, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 దాకా షిఫ్ట్, ఇంటికొచ్చి తినేసరికి పన్నెండు దాటుతుంది. ఆవిడ బ్యాంకులో చేస్తారు, పొద్దున్నే ఐదున్నరకి లేవకపోతే పాప స్కూలు, టిఫిన్లు, తన బస్సు ఏదీ కుదరదు. అంటే వారంలో ఐదు రోజులు వీళ్లిద్దరూ ఒకే మంచం మీద మెలకువగా ఉండే టైమ్ చాలా తక్కువ, ఈ సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ సమస్యగా చెప్పలేదు. ఆయన చెప్పింది ఒకటే, "మా ఇద్దరికీ సెట్ అవ్వట్లేదు మేడం, నాకు కావాలి, తనకి వద్దు, అంతే." ఆవిడ కాదనలేదు, పాప వాటర్ బాటిల్ మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు.

మొదటి పని ఎప్పుడూ ఇద్దరితో విడివిడిగా మాట్లాడటమే, జంటని కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడం దాని తర్వాతే. విడిగా అడిగేది ఏంటంటే వద్దని చెప్తే ఏమవుతుంది, కొట్టడం ఉందా, బెదిరింపు ఉందా, డబ్బులు ఆపేయడం ఉందా, పుట్టింటికి పంపేస్తా అనడం ఉందా, ఇష్టం లేకపోయినా జరిగిన సందర్భాలు ఉన్నాయా అని. అత్యాచారం గురించి చెప్పే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 63లో భార్య 18 ఏళ్లు దాటి ఉంటే భర్తకి ఇచ్చిన మినహాయింపు అలాగే ఉంది కానీ 2005 గృహహింస చట్టం ప్రకారం లైంగిక హింస కూడా గృహహింసే, ఇది మన దగ్గరకొచ్చే ఆడవాళ్లలో చాలామందికి తెలీదు. బలవంతం ఉన్న చోట అంచనాల స్కోర్ తీయడమే తప్పు, ఎందుకంటే భయపడే మనిషి కాగితం మీద కూడా భర్తకి నచ్చిన జవాబే టిక్ చేస్తుంది, స్కోర్ చూస్తే బ్రహ్మాండంగా మ్యాచ్ అయినట్టు కనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో రౌండ్, 2019-21ది, అందులో 82 శాతం ఆడవాళ్లు ఇష్టం లేనప్పుడు భర్తకి వద్దని చెప్పగలం అన్నారు, మంచి విషయమే, కానీ నాకు దాని తర్వాత ప్రశ్న కావాలి, చెప్పాక ఆ ఇంట్లో మర్నాడు ఎలా ఉంటుంది అని. ఈ కేసులో బలవంతం లేదు, బెదిరింపు లేదు. ఆవిడ మాట ఇది, "ఏమీ అనరండీ, అటు తిరిగి పడుకుంటారు, రెండు రోజులు పాపతో మాట్లాడతారు కానీ నాతో మాట్లాడరు." ఇది హింస కాదు కానీ వద్దనడానికి కట్టాల్సిన ధర ఒకటి ఉంది, అది నోట్ చేసుకున్నాను.

మెడికల్ సైడ్ కూడా ముందే చూసుకోవాలి. ఆవిడ థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు, రిపోర్ట్ నార్మల్‌గానే ఉంది. డిప్రెషన్ మందుల్లో కొన్ని కోరికని బాగా తగ్గించేస్తాయి కాబట్టి అది అడిగాను, ఇద్దరూ వాడట్లేదు. ఆయనకి షుగర్, బీపీ లేవు, నిద్ర మాత్రం అయిదు గంటలు.

ఇక కొలవడం సంగతి. దీనికి రెడీమేడ్ స్కేల్స్, అంటే ముందే తయారుచేసిన ప్రశ్నల జాబితాలు, లేక కాదు. స్పానియర్ 1976లో చేసిన డయాడిక్ అడ్జస్ట్‌మెంట్ స్కేల్‌లో (జంట ఎంత సర్దుకుని ఉందో కొలిచేది) 32 ప్రశ్నలుంటే సెక్స్ గురించి వచ్చేవి కొద్దిగానే. 1996లో వచ్చిన సెక్సువల్ డిజైర్ ఇన్వెంటరీలో 14 ప్రశ్నలు, కోరిక ఎంత ఉందో కొలుస్తుంది, పార్ట్‌నర్‌తో కావాలనుకునేది, ఒంటరిగా ఉన్నప్పటిది విడదీసి చూపిస్తుంది, అది బాగుంటుంది. గోలంబాక్, రస్ట్ చేసిన ఇంకో జాబితాలో 28 ప్రశ్నలు, మగవాళ్లకి వేరే, ఆడవాళ్లకి వేరే, సమస్య ఏ రకందో పట్టిస్తుంది. ఇవన్నీ పనికొచ్చేవే. కాకపోతే వీటిని మనమే తెలుగులోకి తిప్పుకుని ఇన్ని మార్కులు దాటితే సమస్య అనే అక్కడి కటాఫ్‌లు ఇక్కడి మనుషులకి పెట్టేయడం నాకు ఇష్టం ఉండదు, పైగా ఇవి ఎక్కువగా ఒక్కో మనిషిని కొలుస్తాయి, నాకు కావాల్సింది ఇద్దరి మధ్య ఉన్నది.

అందుకని నేను వాడేది మూడు గడుల కాగితం. ప్రతి లైన్‌కి మూడు జవాబులు రాయాలి. నాకు ఏం కావాలి, నా అంచనాలో తనకి ఏం కావాలి, ఇప్పుడు నిజంగా ఏం జరుగుతోంది. లైన్లు ఎలా ఉంటాయంటే, వారానికి ఎన్నిసార్లు, ఏ టైమ్‌లో, ఎవరు మొదలుపెట్టాలి, సెక్స్ దాకా వెళ్లకుండా ఊరికే దగ్గరగా పడుకోవడం ఎంత ఇష్టం, ముద్దులు, మాటలు, లైట్ ఉండాలా వద్దా, ఫోన్‌లో వీడియోలు కలిసి చూడటం, నొప్పి ఉంటుందా, పిల్లలు పుట్టకుండా ఏం వాడాలి, ఇంకో బిడ్డ కావాలా, వద్దంటే ఏమవుతుంది. ఎన్నిసార్లు అన్నదానికి అంకె రాయాలి, ఇష్టాలకి, నొప్పికి, భయానికి 0 (అసలు లేదు) నుంచి 4 (చాలా ఎక్కువ) వరకు వేసుకోవాలి. ప్రతి లైన్ చివర ఒక చిన్న డబ్బా ఉంటుంది, "ఇది తనకి చూపించొచ్చు" అని, అది టిక్ చేస్తేనే జాయింట్ సెషన్‌లో ఆ లైన్ బయటికి వస్తుంది. ఈ డబ్బా లేకపోతే నిజాలు రావు, ఇది నేను చాలా గట్టిగా నమ్మే విషయం. ఇద్దర్నీ వేరే వేరే గదుల్లో కూర్చోబెట్టి రాయిస్తాను.

ఎన్నిసార్లు అన్న లైన్ చూడండి. ఆయనకి కావాల్సింది వారానికి 3. ఆవిడ రాసింది 1, పక్కన పెన్సిల్‌తో "ఒక్కో వారం 2 కూడా" అని. ఇంతవరకు చూస్తే తేడా రెండు, మామూలు తేడా, దీనికి ఎవరూ కౌన్సెలింగ్ దాకా రానక్కర్లేదు. కానీ రెండో గడి చూడండి, ఆయనకి ఎంత కావాలనుకుంటున్నారో ఆవిడ రాసింది 7, "రోజూ" అని కూడా రాశారు. ఆవిడకి ఎంత కావాలో ఆయన రాసింది 0. మూడో గడిలో మాత్రం ఇద్దరూ ఒకటే రాశారు, నెలకి ఒకటి లేదా రెండు.

ఇప్పుడు అసలు విషయం. ఇద్దరిలో తక్కువ కోరుకునేది ఆవిడే కదా, ఆవిడకి కావాల్సిందే వారానికి ఒకటి అంటే నెలకి నాలుగు, జరుగుతున్నది ఒకటో రెండో. అంటే తక్కువ కావాలనుకునే మనిషికి కావాల్సినంత కూడా ఆ ఇంట్లో జరగట్లేదు. ఆయన కోరిక ఎక్కువ, ఆవిడ కోరిక తక్కువ అన్నదే సమస్య అయితే జరిగేది 1 కి 3 కి మధ్యలో ఎక్కడో ఉండాలి, లేదంటే కనీసం 1 దగ్గరైనా ఆగాలి. 1 కన్నా కిందకి పడిపోయిందంటే కోరికల తేడా కాకుండా ఇంకేదో అడ్డం పడుతోందని అర్థం. రెండు గడులు మాత్రమే పెట్టి తేడా తీసి "డిజైర్ గ్యాప్ 2" అని రాసేసి ఉంటే ఇది కనిపించేది కాదు. జంటలతో పనిచేసే వాళ్లు ఎవరైనా చదువుతుంటే దయచేసి మూడో గడి పెట్టండి.

అడ్డం పడుతున్నది ఏంటో తర్వాతి లైన్లలో దొరికింది. ఊరికే దగ్గరగా పడుకోవడం అన్న లైన్‌కి ఆవిడ 4 వేసుకున్నారు, ఆయన 3 వేసుకున్నారు, ఎదుటివాళ్లకి ఎంత ఇష్టమో ఊహించమంటే ఇద్దరూ 0 వేశారు. అంటే ఇద్దరికీ కావాల్సినదే, ఎదుటి మనిషికి వద్దనుకుని ఇద్దరూ మానేశారు. ఆవిడని విడిగా అడిగితే చెప్పారు, "ఆయన భుజం మీద చెయ్యి వేస్తే అది అక్కడితో ఆగదు కదండీ, మళ్లీ వద్దనాలి, మళ్లీ ఆ మౌనం, అందుకని ఆయన వచ్చేసరికే నిద్రపోయినట్టు పడుకుంటా." ఆయన వెర్షన్, "నేను ముట్టుకుంటేనే ఒళ్లు బిగదీసుకుంటుంది మేడం, నేనంటే ఇష్టం లేదని ఎప్పుడో అర్థమైపోయింది."

టైమ్ అన్న లైన్‌లో ఆయన రాత్రి అని, ఆవిడ శనివారం మధ్యాహ్నం పాప నిద్రపోయినప్పుడు అని. ఆయన అడిగే రాత్రి పన్నెండున్నర ఆవిడకి అర్ధరాత్రి, మధ్య నిద్ర, ఇంకో ఐదు గంటల్లో అలారం. రోజ్మేరీ బాసన్ అనే డాక్టర్ 2000 ప్రాంతంలో చెప్పిన మోడల్ ఇక్కడ పనికొస్తుంది, కోరిక అందరికీ ముందే పుట్టుకు రాదు, చాలామందికి, ముఖ్యంగా ఏళ్ల తరబడి కలిసి ఉన్న ఆడవాళ్లకి, మనసు తేలికపడి దగ్గరితనం మొదలయ్యాక అప్పుడు కోరిక వస్తుంది. అలాంటి మనిషిని నిద్రలో లేపి మూడ్ ఉందా అని అడిగితే లేదనే చెప్తుంది, అది నిజమే, కానీ దాన్ని పట్టుకుని తనకి కోరికే లేదనుకోవడం తప్పు.

నొప్పి లైన్‌లో ఆవిడ 3 వేశారు, ఆయన "నొప్పి ఏమీ ఉండదు" అని రాశారు. ఆ లైన్ డబ్బా ఆవిడ టిక్ చేయలేదు. పిల్లలు పుట్టకుండా ఏం వాడుతున్నారు అన్నదానికి ఇద్దరి జవాబూ ఒకటే, ఆయన చివర్లో జాగ్రత్త పడతారు, అంటే బయటికి తీసేస్తారు. ఎంత భయంగా ఉంటుంది అన్నదానికి ఆవిడది 4, ఆయనది 0. ఆ పద్ధతి మామూలుగా వాడే జంటల్లో ఏడాదిలో నూటికి దాదాపు 20 మందికి గర్భం వచ్చేస్తుంది, కాబట్టి ఆవిడ భయం ఉత్త భయం కాదు, లెక్క ప్రకారమే ఉంది. ప్రతి నెలా డేట్ వచ్చేదాకా టెన్షన్, ఒక రోజు లేట్ అయితే బ్యాంకు బాత్రూమ్‌లో కిట్‌తో టెస్ట్ చేసుకున్న రోజులు కూడా ఉన్నాయి, ఇదేదీ ఆయనకి తెలీదు.

మనుషులు ఎదుటివాళ్ల కోరికని ఇంత తప్పుగా ఎలా ఊహిస్తారు అంటే, దీని మీద కెనడాలో మంచి పని జరిగింది. మిల్లర్, బయర్స్ అనే పరిశోధకులు 2004లో జంటల్ని విడివిడిగా అడిగి చూస్తే, నా పార్ట్‌నర్‌కి ఎంతసేపు కావాలి అన్న ఊహ ఆ పార్ట్‌నర్ నిజంగా చెప్పినదానికన్నా, మగవాళ్లంటే ఇంతే, ఆడవాళ్లంటే ఇంతే అని తమకున్న అభిప్రాయానికే ఎక్కువ దగ్గరగా ఉంది. ఎమీ మ్యూస్ అనే పరిశోధకురాలి టీమ్ 2016 పరిశోధనలో, ఏళ్లుగా కలిసి ఉన్న మగవాళ్లు భార్య కోరికని ఉన్నదానికన్నా తక్కువగా అంచనా వేస్తారని వచ్చింది. మన కేసులో ఆయన 0 రాయడం అదే దారి. అయితే అదే పరిశోధనలో ఇంకోటి కూడా ఉంది, భర్త తక్కువగా ఊహించిన రోజుల్లో భార్యలు ఎక్కువ సంతృప్తిగా ఉన్నామన్నారు, బహుశా ఆ మనిషి తేలిగ్గా తీసుకోకుండా కొంచెం ప్రయత్నం చేస్తాడు కాబట్టి. కాబట్టి ఊహ తప్పితే ప్రతిసారీ నష్టమే అని నేను అనను. కొంచెం తక్కువగా ఊహించడం వేరు, సున్నా అని ఖాయం చేసుకుని అడగడమే మానేయడం వేరు.

జాయింట్ సెషన్‌లో టోటల్ స్కోర్ ఏమీ చెప్పలేదు. మీరు 60 శాతం మ్యాచ్, 70 శాతం మ్యాచ్ అని చెప్పేవాటి మీద నాకు నమ్మకం లేదు, ఎందుకో కింద చెప్తాను. మూడు లైన్లే చూపించాను, ఎన్నిసార్లు, దగ్గరగా పడుకోవడం, టైమ్. ఆయన ఆవిడ కాగితం మీద ఆ 1 ని, పక్కన పెన్సిల్ 2 ని చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఇది నువ్వు రాసిందేనా" అని అడిగారు. ఆవిడ "మీరు రోజూ అంటారనుకున్నా" అన్నారు. తర్వాత దగ్గరగా పడుకోవడం లైన్ దగ్గర ఆయన 3 చూసి ఆవిడ నమ్మలేదు, నన్నే అడిగారు, ఈయన అర్థం చేసుకునే రాశారా మేడం అని. అదే సెషన్ చివర్లో ఆవిడే పెన్ను అడిగి తీసుకుని నొప్పి లైన్ డబ్బా టిక్ చేశారు. ఆయన ముఖం మారిపోయింది, "ఇన్నాళ్లూ చెప్పలేదేంటి" అన్నారు, ఆ గొంతులో కోపం లేదు.

ప్లాన్ పెద్దదేమీ కాదు. ముందు గైనకాలజిస్ట్ దగ్గరకి పంపాను. డెలివరీ అప్పుడు వేసిన కుట్ల దగ్గర సున్నితంగా ఉంది, దానికి తోడు నొప్పి వస్తుందనే భయంతో కింది కండరాలు బిగుసుకోవడం, లూబ్రికెంట్, ఫిజియోథెరపీ ఎక్సర్‌సైజులు రాశారు. డాక్టర్ వివరంగా చెప్పాక ఆవిడ కాపర్ టి ఎంచుకున్నారు, 380ఏ రకం పదేళ్ల దాకా పనిచేస్తుంది, ఏడాదికి నూటికి ఒకరికన్నా తక్కువమందికే ఫెయిల్ అవుతుంది. నొప్పి తగ్గేదాకా సెక్స్ పూర్తిగా పక్కన పెట్టి, మాస్టర్స్, జాన్సన్ అనే సెక్స్ పరిశోధకులు 1970లో పెట్టిన పద్ధతిలో తాకడం మాత్రమే, అది కూడా ముందుకి వెళ్లకూడదని ఇద్దరూ ఒప్పుకుని, వారానికి రెండుసార్లు, ఒకసారి శనివారం మధ్యాహ్నం. ఈ నిషేధమే ఆవిడకి మందులా పనిచేసింది, చెయ్యి భుజం మీద పడితే అది అక్కడే ఆగుతుందని గ్యారంటీ దొరికింది కాబట్టి. అత్తగారికి శనివారం మధ్యాహ్నం పాపని పార్కుకి తీసుకెళ్లే పని అప్పజెప్పారు, ఆ పెద్దావిడ సంతోషంగానే ఒప్పుకున్నారంట. వద్దన్నాక రెండు రోజుల మౌనం గురించి ఆయనతో విడిగా ఒక సెషన్ గట్టిగానే మాట్లాడాను. ఆయన అది శిక్ష అని ఎప్పుడూ అనుకోలేదు, అవమానంగా అనిపించి ముడుచుకుపోయేవారు, కానీ అవతలి మనిషికి అది శిక్షగానే తగిలింది, తర్వాతిసారి వద్దనే హక్కుని అది మెల్లగా తినేస్తుంది.

మూడు నెలలకి అదే కాగితం మళ్లీ. ఆయనకి కావాల్సింది ఇంకా 3, ఆవిడకి కావాల్సింది 1 నుంచి 2, పెద్దగా మారలేదు, మారాలని నేను పని చేయలేదు కూడా. ఊహలు మారాయి, ఆయన ఊహ 0 నుంచి 1 కి, ఆవిడ ఊహ 7 నుంచి 3 కి. జరుగుతున్నది వారానికి ఒకటి. నొప్పి 3 నుంచి 1. గర్భం భయం 4 నుంచి 0. వద్దంటే ఏమవుతుంది అన్న లైన్‌లో ఆవిడ "టీవీ చూస్తాం" అని రాశారు.

అన్నీ కలవలేదు. ఫోన్‌లో వీడియోలు కలిసి చూడటం ఆయనకి 3, ఆవిడకి 0, మూడు నెలల తర్వాత కూడా అంతే. దాన్ని దగ్గర చేయడానికి నేను ప్రయత్నించలేదు, ఎందుకంటే ఇలాంటి లైన్లలో మధ్యేమార్గం ఉండదు, ఒకరికి 0 అంటే జవాబు వద్దనే. ఆయన కొంచెం నిరాశగానే ఒప్పుకున్నారు, ఆ నిరాశని ఆయన నోటితో చెప్పి ఆవిడ వినడమే ఆ రోజు సెషన్.

ఇక టోటల్ స్కోర్ సంగతి, పద్ధతి మీద ఆసక్తి ఉన్నవాళ్ల కోసం. ఇద్దరి జవాబులు కలిశాయి అంటే వాళ్లిద్దరూ ఒకర్నొకరు సరిపోయారని కాదు, చాలా ప్రశ్నలకి ఊళ్లో ఎవర్ని అడిగినా ఒకే జవాబు వస్తుంది. శుభ్రంగా ఉండాలా, గౌరవంగా మాట్లాడాలా, అంటే అందరూ 4 వేస్తారు. ఇలాంటివి పది పెడితే ముక్కూముఖం తెలియని ఇద్దర్ని కలిపినా 80 శాతం మ్యాచ్ చూపిస్తుంది. ఇది క్రాన్‌బాక్ అనే సైకాలజిస్ట్ 1955లోనే గట్టిగా చెప్పిన విషయం. అందుకే మా దగ్గరున్న కాగితాల్లోంచి పేర్లు తీసేసి ఒక జంటలో భర్తని ఇంకో జంటలో భార్యతో కలిపి చూస్తాం, ఆ ఉత్తుత్తి జంటలకి కూడా మ్యాచ్ అయిపోతున్న లైన్లు తీసేస్తాం. శుభ్రత, గౌరవం అలాగే పోయాయి. ఇంకో సమస్య, తేడా ఒక్కటే చూస్తే 0, 0 వేసుకున్న జంట, 4, 4 వేసుకున్న జంట ఒకేలా కనిపిస్తారు, ఇద్దరికీ తేడా సున్నానే కదా, కానీ వాళ్ల జీవితాలు ఒకటి కాదు. తేడాతో పాటు రెండు అసలు అంకెల్నీ పక్కపక్కనే పెట్టుకోవాలి.

జంటలు ఈ కాగితం ఇంటికి అడుగుతారు, వీళ్లూ అడిగారు. ఖాళీది కూడా ఇవ్వను. ఇంట్లో రాస్తే ఒకరి భుజం మీంచి ఇంకొకరు చూస్తారు, ఆర్నెల్ల తర్వాత ఏదో గొడవలో "నువ్వే కదా రాశావ్" అని బయటికి తీస్తారు. నింపినవి నా దగ్గర తాళంలో ఉంటాయి, ఇద్దరివీ వేరే వేరే ఫైళ్లలో, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఎవరిది వాళ్లకే, భర్త ఫీజు కట్టినా సరే.

ఇంకో బిడ్డ లైన్ అలాగే ఉంది, ఆయన అవును, ఆవిడ ఇప్పుడే కాదు. అత్తగారు ప్రతి పండక్కీ అడుగుతున్నారంట. దాని కోసం ఆరు నెలలకి మళ్లీ రమ్మన్నాను, ఆవిడే క్యాలెండర్‌లో డేట్ పెట్టుకున్నారు.